పాటకి ఇల్లెక్కడ?

అమలాపురం నుంచి రాజోలు వెళ్ళే పాత దారి మన కోనసీమ వాళ్ళందరికీ తెలిసిందే. బస్సు అంబాజీపేట దాటి, గన్నవరం చేరి, వైనతేయ దాటి, తాటిపాక మీదుగా రాజోలు వెళ్తుంది. సాయంత్రం అదే బస్సు అదే దారిన వెనక్కి వస్తుంది. దారిలో ఊళ్ళు అవే, ఏరు అదే, కొబ్బరితోటలు అవే. కాని బస్సులో కూర్చున్న అమలాపురం మనిషికి అంబాజీపేట దాటగానే ఇల్లొచ్చేసినట్టుంటుంది. రాజోలు మనిషికి తాటిపాక రాగానే చేతిసంచి సర్దుకోవాలనిపిస్తుంది. దారి ఒక్కటే, ఇళ్ళు రెండు.

పాశ్చాత్య సంగీతంలో మైనర్ స్కేలు గురించీ, దాన్ని కాగితం మీద చూపించే కీ సిగ్నేచర్ గురించీ ఈవేళ మాట్లాడుకుందాం. ఈ బస్సు దారిని మనసులో ఉంచుకోండి. మనకి చివరిదాకా పనికొస్తుంది.

ఈ మాటలు చెప్పాలనిపించడానికి ఒక కుర్రవాడు కారణం. రాజోలు పక్క ఒక ఊళ్ళో చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. వారమంతా వేరే పని, ఆదివారం పొద్దున్న సంగీతం. ఒకరోజు కొత్త పాట కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"మాస్టారండీ, దీనికి మొదట్లో ఒక్క షార్పే ఉందండి. ఒక్క షార్పుంటే జి మేజరని నేర్చుకున్నానండి. ఆ కార్డులే వేస్తున్నానండి. కాని పాట ఎక్కడా నిలబడట్లేదండి."

నేను వాయించమన్నాను. వాయించాడు. స్వరాలన్నీ సరిగ్గానే పడుతున్నాయి. ప్రతి చరణం చివరా జి మేజర్ కార్డు మీద ఆపుతున్నాడు. పాట మాత్రం ఇంకా నడవాలనే చూస్తోంది.

"నాన్నా, చివరి మాట నోటితో పాడు. పాడి, నీకు ఎక్కడ ఆగాలనిపిస్తే అక్కడ ఆగు" అన్నాను.

పాడాడు. గొంతు దానంతట అది ఇ స్వరం మీదకి దిగి నిలిచింది. వాడి ముఖంలోకి వెలుగొచ్చింది. "ఆయ్! ఇది ఇ మైనరండి!" అన్నాడు.

ఆ కాగితంలో తప్పు లేదు. జి మేజర్‌కీ ఇ మైనర్‌కీ కీ సిగ్నేచర్ ఒక్కటే, రెండింటికీ ఒక్క షార్పే. రాజోలు పాటని వాడు అమలాపురంలో దింపుతున్నాడు, అంతే.

ఇప్పుడు హార్మోనియం ముందుకి రండి. మన గోదావరి జిల్లాల్లో పద్యనాటకాల పుణ్యమా అని హార్మోనియం తెలియని ఊరు లేదు. నాటకాల హార్మోనిస్టులు సి, డి అని ఇంగ్లీషు అక్షరాలు చెప్పరు. అంకెల్లో చెబుతారు. సి అంటే ఒకటి శ్రుతి. డి రెండు, ఇ మూడు, ఎఫ్ నాలుగు, జి ఐదు, ఎ ఆరు, బి ఏడు. ఇవన్నీ తెల్ల మెట్లు. మధ్యలో ఉన్న నల్ల మెట్లు ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర. పద్యం పాడే నటుడు రంగం మీదకి వస్తూ "ఐదున్నర" అంటాడు. హార్మోనిస్టు వేలు వెంటనే ఆ మెట్టు మీదకి పోతుంది. పాశ్చాత్య సంగీతం చెప్పడానికి ఇంతకంటే మంచి భాష నాకు దొరకలేదు. ఈ అంకెలతోనే చెబుతాను.

ఒకటి శ్రుతి మెట్టు మీద షడ్జమం పెట్టుకుని వరసగా తెల్ల మెట్లు మాత్రమే నొక్కుకుంటూ వెళ్ళండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు, మళ్ళీ పై ఒకటి.

(హార్మోనియం: ఒకటి శ్రుతి మీద తెల్ల మెట్ల ఆరోహణ, అవరోహణ.)

మీరు విన్నది ధీరశంకరాభరణం, ఇరవై తొమ్మిదో మేళకర్త. పాశ్చాత్యులు దీన్నే మేజర్ స్కేలు అంటారు. మన వాళ్ళకి ఇది కొత్తది కాదు. పందొమ్మిదో శతాబ్దపు తొలి రోజుల్లో ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు బ్యాండు వరసలకి సంస్కృత సాహిత్యం కూర్చారు. వాటిని నోట్టు స్వరాలంటారు. అవన్నీ ఈ శంకరాభరణపు మెట్ల మీద నడిచేవే.

ఇప్పుడు చేతికి ఒక్క నల్ల మెట్టు కూడా తగలకుండా, అవే తెల్ల మెట్లని ఆరు నుంచి మొదలుపెట్టండి. ఆరు మీద షడ్జమం. తరవాత ఏడు, పై ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, మళ్ళీ ఆరు.

(హార్మోనియం: ఆరు శ్రుతి మీద తెల్ల మెట్ల ఆరోహణ, అవరోహణ.)

మెట్లు ఒక్కటీ మారలేదు. కాని రాగం మారిపోయింది. ఇది నఠభైరవి, ఇరవయ్యో మేళకర్త. పాశ్చాత్యులు దీన్ని నేచురల్ మైనర్ అంటారు. ఆరు అంటే ఎ కాబట్టి ఇది ఎ మైనర్. ఈ ఇల్లు మార్చే పనికి మన శాస్త్రంలో గ్రహభేదం అని పేరు. శంకరాభరణంలో ధైవతాన్ని షడ్జమం చేసుకుంటే నఠభైరవి పుడుతుంది. రిషభాన్ని చేసుకుంటే ఖరహరప్రియ, గాంధారాన్ని చేసుకుంటే తోడి, మధ్యమాన్ని చేసుకుంటే కల్యాణి, పంచమాన్ని చేసుకుంటే హరికాంభోజి. వీణ నేర్చుకునే పిల్లలకి గురువులు ఆటలా చెప్పే సంగతే ఇది.

ఇంకో చిన్న ప్రయోగం చేయండి. నల్ల మెట్లు మాత్రమే తీసుకోండి. నాలుగున్నర మీద షడ్జమం పెట్టుకుని అయిదు నల్ల మెట్లూ వాయిస్తే మోహన పలుకుతుంది. అవే మెట్లని రెండున్నర నుంచి వాయిస్తే శుద్ధ ధన్యాసి. మోహనలో వెన్నెల కనిపిస్తుంది, శుద్ధ ధన్యాసిలో సంధ్య కనిపిస్తుంది. మెట్లు అవే.

మైనర్ అనే మాట సంగతి చూద్దాం. మైనర్ అంటే చిన్నది. ఏది చిన్నది? షడ్జమానికీ గాంధారానికీ మధ్య ఉన్న దూరం. ఒకటి శ్రుతి శంకరాభరణంలో షడ్జమం నుంచి గాంధారానికి, తెల్లవీ నల్లవీ కలిపి లెక్కిస్తే, నాలుగు మెట్లు ఎక్కాలి. అది అంతర గాంధారం. ఆరు శ్రుతి నఠభైరవిలో మూడు మెట్లే ఎక్కాలి. అది సాధారణ గాంధారం. ఈ ఒక్క మెట్టు తేడాతోనే పాట మొహం మారిపోతుంది. మేజరా మైనరా అని చెవితో తేల్చుకోవాలంటే ముందు గాంధారాన్ని వినండి.

ఇప్పుడు కాగితం మీదకి వద్దాం. పాశ్చాత్య స్వరలిపిలో అయిదు గీతలు ఉంటాయి. ఆ గీతల మొదట్లోనే కొన్ని షార్పులో ఫ్లాట్లో రాసి ఉంటాయి. అదే కీ సిగ్నేచర్. పాట పొడుగునా ఏ తెల్ల మెట్టు బదులు ఏ నల్ల మెట్టు నొక్కాలో ఒక్కసారి ముందే చెప్పేస్తుంది. ఏ గుర్తూ లేకపోతే అన్నీ తెల్లవే. అప్పుడు పాట ఒకటి శ్రుతి మేజరైనా కావచ్చు, ఆరు శ్రుతి మైనరైనా కావచ్చు. ఒక్క షార్పుంటే నాలుగు బదులు నాలుగున్నర. అప్పుడు ఐదు శ్రుతి మేజరో, మూడు శ్రుతి మైనరో. మా కుర్రవాడి పాట ఈ రెండోదే. ఒక్క ఫ్లాటుంటే ఏడు బదులు ఆరున్నర. అప్పుడు నాలుగు శ్రుతి మేజరో, రెండు శ్రుతి మైనరో. రెండు షార్పులుంటే నాలుగు బదులు నాలుగున్నర, ఒకటి బదులు ఒకటిన్నర. అప్పుడు రెండు శ్రుతి మేజరో, ఏడు శ్రుతి మైనరో.

వీటినన్నిటినీ బట్టీ పట్టక్కర్లేదు. మేజర్ ఇల్లు తెలిస్తే అక్కడి నుంచి తెల్లా నల్లా కలిపి మూడు మెట్లు కిందికి దిగండి. మైనర్ ఇల్లు తగులుతుంది. మన మాటల్లో చెప్పాలంటే మేజర్ పాట ధైవతమే మైనర్ పాట షడ్జమం. గ్రహభేదం గుర్తుంటే చాలు.

ఒక్కో సిగ్నేచర్‌కీ రెండు ఇళ్ళుంటే అసలు ఇల్లేదో కాగితం చూసి తెలుసుకునేదెలా? ఈ చిక్కు మన కచేరీకి ఎప్పుడూ రాదు. ఎందుకు రాదో ఆలోచించండి. మన కచేరీలో వెనక తంబురా ఉంటుంది. గాయకుడు నోరు తెరవకముందే అది "ఇదిగో ఇల్లు" అని చెబుతూ ఉంటుంది, కచేరీ ముగిసేదాకా చెబుతూనే ఉంటుంది. గాయకుడు ఎంత దూరం తిరిగొచ్చినా షడ్జమం గుమ్మంలో దీపం పెట్టుకుని కూర్చుని ఉంటుంది.

పాశ్చాత్య సంగీతంలో తంబురా లేదు. శ్రోతకి ఇల్లెక్కడో పాటే చూపించుకోవాలి. మైనర్ స్కేలు ఒకటి కాదు, మూడు అని పుస్తకాల్లో రాస్తారు కదా, దాని మూలం ఇక్కడే ఉంది.

ఆరు శ్రుతి నఠభైరవి మళ్ళీ వాయించండి. పై షడ్జమానికి చేరేటప్పుడు నిషాదం ఐదు, షడ్జమం ఆరు. రెండింటికీ మధ్య ఒక నల్ల మెట్టుంది. ఈ ఐదు కైశికి నిషాదం. షడ్జమానికి కొంచెం దూరంలో, దాని మీద ఒత్తిడి పెట్టకుండా నిలబడి ఉంటుంది. అదే ఐదు బదులు ఐదున్నర నొక్కి చూడండి.

(హార్మోనియం: మూడు, నాలుగు, ఐదున్నర, ఒక్క క్షణం ఆగి, ఆరు.)

విన్నారా? ఐదున్నర మీద ఆపితే చెవి ఊరుకోదు. పక్కనే ఉన్న షడ్జమాన్ని చేరేదాకా ప్రాణం నిలవదు. ఇది కాకలి నిషాదం. తంబురా చేసే పనిని పాశ్చాత్య మైనర్‌లో ఈ కాకలి నిషాదం చేస్తుంది. "ఇల్లు ఇటే" అని వేలు పెట్టి చూపిస్తుంది. కార్డుల్లో కూడా అంతే. పంచమం మీద కట్టే కార్డులో మూడు, ఐదు, ఏడు కలుస్తాయి. ఐదు బదులు ఐదున్నర పడితే ఆ కార్డు మేజరైపోయి షడ్జమం వైపు గట్టిగా లాగుతుంది. చర్చి కీబోర్డు మీద ఎ మైనర్ పాట చివర ఇ మేజర్ కార్డు ఎందుకు వేస్తారో ఇప్పుడు మీకు తెలిసింది.

ఇలా నిషాదం ఒక మెట్టు పెంచిన మైనర్‌ని హార్మోనిక్ మైనర్ అంటారు. మన మేళకర్తల్లో అది కీరవాణి. పేరు వినగానే మీకు గుర్తొచ్చేది ఎవరో నాకు తెలుసు. గోదావరి ఒడ్డున కొవ్వూరులో పుట్టి, 2023లో ఆస్కార్ అందుకున్న మన సంగీత దర్శకుడు ఎం.ఎం. కీరవాణి. ఆయన పేరు ఈ రాగం పేరే. ఇళయరాజా "అన్వేషణ" సినిమా కోసం ఈ రాగంలో కట్టిన పాట ఈ రాగం పేరుతోనే మొదలవుతుంది. ఎనభైల్లో పెరిగిన తెలుగువాళ్ళకి ఆ పాటే హార్మోనిక్ మైనర్ పాఠం.

ఇందులో కాగితం చదివేవాళ్ళు గమనించాల్సినది ఒకటుంది. ఈ ఐదున్నర మెట్టు కీ సిగ్నేచర్‌లో కనపడదు. ఎ మైనర్ సిగ్నేచర్‌లో ఏ గుర్తూ ఉండదు. అవసరమైన చోట మాత్రం స్వరం పక్కన షార్పు గుర్తు విడిగా పెడతారు. కాబట్టి మొదట్లో ఏ గుర్తూ లేని కాగితంలో లోపల ఐదు పక్కన షార్పు తరచు కనిపిస్తోందంటే అది ఆరు శ్రుతి మైనర్ అని అనుమానించాలి. తరవాత పాట చివరి స్వరం చూడాలి. అది ఆరు మీద ఆగితే అనుమానం తీరిపోతుంది. కీబోర్డు నేర్చుకునే ప్రతి పిల్లవాడూ వాయించే బీథోవెన్ "ఫర్ ఎలీస్" కాగితం తీసి చూడండి. 1810 నాటి రచన అది. మొదట్లో సిగ్నేచర్ ఖాళీగా ఉంటుంది. లోపల ఐదున్నర పడుతూ ఉంటుంది. అది ఎ మైనర్.

కీరవాణి పాడేవాళ్ళకి ఒక కష్టం ఉంది. ధైవతం నుంచి నిషాదానికి, నాలుగు నుంచి ఐదున్నరకి, ఒకేసారి మూడు మెట్ల గంతు వేయాలి. మన గాయకులకి ఆ గంతే కీరవాణి అందం. కాని నలుగురు కలిసి పాడే కోరస్‌లో అది ఇబ్బంది. అందుకని పాశ్చాత్యులు ఎక్కేటప్పుడు ధైవతాన్ని కూడా ఒక మెట్టు పెంచారు. నాలుగు బదులు నాలుగున్నర, ఐదు బదులు ఐదున్నర. దిగేటప్పుడు షడ్జమం నుంచి బయలుదేరుతున్నాం కాబట్టి ఇల్లు చూపించే పని లేదు. కనుక మామూలు నాలుగు, ఐదులకే వచ్చేస్తారు. దీన్ని మెలోడిక్ మైనర్ అంటారు. ఆరోహణలో మన గౌరీమనోహరి, అవరోహణలో మన నఠభైరవి.

(హార్మోనియం: ఆరు శ్రుతి మీద ఎక్కేటప్పుడు గౌరీమనోహరి, దిగేటప్పుడు నఠభైరవి.)

ఎక్కేటప్పుడు ఒక ధైవతం, దిగేటప్పుడు ఒక ధైవతం అంటే వింతగా అనిపిస్తోందా? మన భైరవి రాగాన్ని తలుచుకోండి. నఠభైరవికి పుట్టిన బిడ్డే అది. ఆరోహణలో చతుశ్రుతి ధైవతం, అవరోహణలో శుద్ధ ధైవతం. నిషాదం మాత్రం కైశికిగానే ఉంటుంది. ఎక్కేటప్పుడు స్వరం పైకి చూస్తుంది, దిగేటప్పుడు కిందికి చూస్తుంది. ఇది ఏ దేశపు కంఠానికైనా సహజమే.

ఈ మూడు మేళకర్తల సంఖ్యలు మీరు పుస్తకం లేకుండా కనుక్కోవచ్చు. మన పెద్దలు పేర్లలోనే దాచి పెట్టారు. కటపయాది లెక్కలో క, ట, ప, య అన్నవి ఒకట్లు. అక్కడి నుంచి వరసగా లెక్కపెట్టుకోవాలి. న అంటే సున్నా. నఠభైరవిలో న సున్నా, ఠ రెండు. తిరగేస్తే ఇరవై. కీరవాణిలో కీ ఒకటి, ర రెండు. తిరగేస్తే ఇరవై ఒకటి. గౌరీమనోహరిలో గౌ మూడు, రీ రెండు. తిరగేస్తే ఇరవై మూడు. పదిహేడో శతాబ్దంలో తంజావూరులో వేంకటమఖి వేసిన డెబ్భై రెండు మేళాల పట్టికలో ఇవి మూడూ నాలుగోదైన వేద చక్రంలోనే ఉన్నాయి. ఆ చక్రంలో రిషభం చతుశ్రుతి, గాంధారం సాధారణం. ధైవత నిషాదాలు మాత్రమే మారతాయి. పాశ్చాత్యులు మైనర్ అని పిలిచే మూడు స్కేళ్ళూ మన పటంలో పక్కపక్క ఇళ్ళు. మధ్యలో ఇరవై రెండో ఇల్లు ఖరహరప్రియది. త్యాగరాజస్వామి కీర్తనలతో ఆ ఇల్లు కళకళలాడుతుంది.

ఇక్కడ మన కోనసీమ బిడ్డని తలుచుకోకుండా ముందుకు పోలేను. 1930 జూలై 6న అప్పటి రాజోలు తాలూకా శంకరగుప్తంలో ఒక పిల్లవాడు పుట్టాడు. తండ్రి పట్టాభిరామయ్య గారు వేణువు వాయించేవారు. తల్లి సూర్యకాంతమ్మ గారు వీణ వాయించేవారు. పొత్తిళ్ళలో ఉండగానే ఆ బిడ్డ తల్లిని పోగొట్టుకున్నాడు. త్యాగరాజస్వామి శిష్యపరంపరకి చెందిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర శిష్యుడయ్యాడు. ఆ పిల్లవాడే మంగళంపల్లి బాలమురళీకృష్ణ. విజయవాడ ఆకాశవాణి భక్తిరంజనిలో ఆయన గొంతు వింటూ నిద్రలేచిన ఇళ్ళు మన జిల్లాలో ఎన్నో ఉన్నాయి.

ఇంకా మీసకట్టు సరిగ్గా రాని వయసులోనే ఆయన డెబ్భై రెండు మేళకర్తలు పట్టుకుని ఒక్కో దానిలో ఒక్కో కృతి కట్టడం మొదలుపెట్టారు. అవి 1952లో "జనకరాగ మంజరి"గా అచ్చయ్యాయి. నఠభైరవిలో ఒకటి, కీరవాణిలో ఒకటి, గౌరీమనోహరిలో ఒకటి. అంటే శంకరగుప్తంలో పుట్టిన మనిషి మూడు మైనర్‌లకీ ఇల్లు కట్టి ఇచ్చారు.

ఇదే పని జర్మనీలో యోహాన్ సెబాస్టియన్ బాహ్ 1722లో చేశాడు. పన్నెండు శ్రుతుల మీదా ఒక మేజర్, ఒక మైనర్ చొప్పున ఇరవై నాలుగు జంట రచనలు చేసి పుస్తకంగా కూర్చాడు. ఆ పుస్తకం సి మేజర్‌తో మొదలవుతుంది. వెంటనే వచ్చేది అదే ఒకటి శ్రుతి మీద సి మైనర్. షడ్జమం కదలదు. గాంధారం, ధైవతం, నిషాదం తలా ఒక మెట్టు దిగుతాయి. అంటే శంకరాభరణం నఠభైరవి అవుతుంది. సిగ్నేచర్‌లో మూడు ఫ్లాట్లు వస్తాయి. మైనర్‌ని చేరడానికి ఇది రెండో దారి. మొదటి దారిలో మెట్లు ఉంచి ఇల్లు మార్చాం. రెండో దారిలో ఇల్లు ఉంచి మెట్లు మార్చాం. బాహ్‌కి మన మేళకర్తలు తెలియవు. అయినా ఇద్దరినీ కదిలించిన కోరిక ఒకటే. స్వరాల పటంలో ఒక్క గది కూడా దీపం లేకుండా ఉండకూడదని.

మైనర్ అంటే దుఃఖం, మేజర్ అంటే సంతోషం అని కీబోర్డు క్లాసుల్లో పిల్లలకి మొదటిరోజే చెబుతారు. ఆ మాట నాకు బాధ కలిగిస్తుంది. సాధారణ గాంధారం విని పశ్చిమ దేశాల శ్రోత బెంగపడవచ్చు. వాళ్ళ పాటలు వాళ్ళ చెవుల్ని అలా మలిచాయి. మన అమ్మమ్మలు మాత్రం అదే గాంధారంతో పెళ్ళికూతుర్ని పీటల మీద కూర్చోబెట్టారు. చాలామంది పండితులు ఇరవయ్యో మేళంలోనే చేర్చే ఆ రాగం పేరు ఆనందభైరవి. పేరులోనే ఆనందం ఉంది. తెలుగునాట ఎన్ని పెళ్ళిపాటలు, ఎన్ని లాలిపాటలు ఆ రాగంలో పుట్టాయో లెక్కలేదు. కూచిపూడి వాళ్ళకి అది ప్రాణం. భద్రాచల రామదాసు అదే రాగంలో రాముణ్ణి అలిగి అడిగాడు. ఆ అలకని బాలమురళి గొంతు ఇంటింటికీ చేర్చింది. అందులో వేదన ఉంది, చనువు ఉంది, ప్రేమ ఉంది. దానికి దుఃఖం అని ఒక్క పేరు పెడితే ఎలా సరిపోతుంది? త్యాగరాజస్వామి పంచరత్నాల్లో అయిదోది నడిచే శ్రీరాగంలోనూ సాధారణ గాంధారమే ఉంది. శ్రీరాగాన్ని మనం మంగళప్రదం అంటాం. కాబట్టి పిల్లలకి మైనర్ నేర్పేటప్పుడు గాంధారం ఒక మెట్టు దిగిందని మాత్రం చెప్పండి. అది ఏడిపిస్తుందో లాలిస్తుందో పాట చెబుతుంది.

ఇంకో జాగ్రత్త. స్కేలు, రాగం ఒకటి కావు. నఠభైరవి మెట్లు వరసగా నొక్కితే అది మెట్ల వరస. దానికి గమకం రావాలి, ఏ స్వరం మీద నిలవాలో, ఏ స్వరాన్ని తాకి వదిలేయాలో తెలియాలి, అప్పుడది రాగం. భైరవిలో గాంధారం ఒకచోట కదలకుండా కూర్చోదు, ఊగుతుంది. హార్మోనియం మెట్టు ఊగలేదు. ఈ లోపం వల్లే 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని దూరం పెట్టింది. దాదాపు మూడు దశాబ్దాల తరవాత, డెబ్భైల మొదట్లో గాని ఆ నిషేధం సడలలేదు. నేను ఈ ప్రసంగమంతా హార్మోనియం మీదే చెప్పాను. మెట్ల లెక్క చూపించడానికి దానికి సాటి లేదు. రాగం నేర్చుకోవడానికి మాత్రం గురువు గొంతు వినాల్సిందే.

చివరిగా కీబోర్డు వాయించే మన పిల్లలకి ఒక మాట. చర్చిలో వాయించేవాళ్ళయినా, గణపతి నవరాత్రుల్లో ఆర్కెస్ట్రాలో వాయించేవాళ్ళయినా, మీ కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ అని ఒక మీట ఉంటుంది. అన్ని పాటలూ తెల్ల మెట్ల మీదే నేర్చుకుని, గాయకుడు వేరే శ్రుతి అడిగినప్పుడల్లా ఆ మీట నొక్కి సరిపెట్టేసుకుంటున్నారు. పని జరిగిపోతుంది. కాని ఆ ఒక్క నొక్కుతో పదకొండు శ్రుతుల ఇళ్ళు మీకు తెలియకుండా పోతాయి. రోజూ ఒక్క పావుగంట ఆ మీట వాడకండి. ముందు ఆరు శ్రుతి మీద నఠభైరవి, కీరవాణి, గౌరీమనోహరి వాయించండి. మర్నాడు అవే మూడు శ్రుతి మీద వాయించండి. ఆ తరవాత రెండు శ్రుతి మీద. ఎడమచేతి వేలితో షడ్జమాన్ని, దాని పైన పంచమాన్ని నొక్కి పట్టుకోండి. అదే మీ తంబురా. కుడిచేతిని మాత్రం తిరగనివ్వండి.

కొత్త పాట కాగితం చేతికొస్తే ముందు సిగ్నేచర్ చూడండి. అది దారిని చెబుతుంది. తరవాత లోపల విడిగా పెంచిన నిషాదం ఉందేమో వెతకండి. ఆ తరవాత చివరి స్వరం చూడండి. ఇవన్నీ అయ్యాక కాగితం పక్కన పెట్టి, పాట చివరి మాట నోటితో పాడండి. గొంతు ఆగే చోటే ఇల్లు.

మా రాజోలు పక్క కుర్రవాడు ఆ తరవాతి ఆదివారం అదే పాట వాయించాడట. చివరి చరణంలో ఐదు, ఆరు దాటి రెండున్నర మీద, అంటే మూడు శ్రుతికి కాకలి నిషాదం మీద, ఒక్క క్షణం ఆపి మూడు మీదకి దించాడట. పాడుతున్న పెద్దవాళ్ళందరూ వాడు చెప్పకుండానే అక్కడ ఊపిరి తీసుకున్నారట. వాడే వచ్చి చెప్పాడు. "మాస్టారండీ, ఈసారి అందరూ ఒకేసారి దిగిపోయారండి" అన్నాడు.

రాజోలు బస్సు రాజోలులోనే ఆగిందన్నమాట.